గోడల నగరం, గడ్డి కింది ఊళ్లు: ప్యూర్టోరికోలో కనిపించే చరిత్ర, కనిపించని చరిత్ర

1975 సెప్టెంబరులో ఎలోయిస్ అనే తుఫాను కరీబియన్ సముద్రంలోని ప్యూర్టోరికో దీవి మీద కుండపోతగా కురిసింది. దక్షిణ తీరంలోని పోన్సే నగరానికి కాస్త ఎగువన పోర్టుగేస్ అనే ఏరు పొంగి గట్లు దాటింది. నీళ్లు తీశాక చూస్తే పక్క భూముల్లో పైమట్టి కొట్టుకుపోయి కింద రాళ్లు తేలాయి. ఏట్లో దొర్లి నున్నబడ్డ మామూలు రాళ్లే. కానీ వాటంతట అవి అక్కడికి చేరినవి కావు, ఎవరో తాడు పట్టి కొలిచినట్టు వరసగా పేర్చినవి. తవ్వకాలు మొదలయ్యాక రాళ్ల అంచు కట్టిన ఏడు ఆటస్థలాలు, రెండు ఉత్సవ ప్రాంగణాలు, 180కి పైగా మనుషుల అస్థిపంజరాలు బయటపడ్డాయి. కొలంబస్ రావడానికి కొన్ని వందల ఏళ్ల ముందే జనం వదిలి వెళ్లిపోయిన చోటు అది. ఇప్పుడు దాని పేరు టీబెస్.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ ఊరిని బయటపెట్టిన గాలివానకు ప్రపంచమంతా వాడే 'హరికేన్' అనే మాట ఆ ఊరి మనుషుల తర్వాతి తరాలది. కరీబియన్ దీవుల ఆదివాసీలైన తైనోలు 'హురకాన్' అన్నారు, స్పానిష్ వాళ్లు దాన్ని పట్టుకున్నారు, అక్కడి నుంచి మిగతా భాషలకు పాకింది. వాళ్ల మాట మిగిలింది, ఊరు మట్టి కిందికి పోయింది. ఆ ఊరిని చూపించడానికి వాళ్ల మాటే పేరుగా ఉన్న గాలివాన రావాల్సి వచ్చింది.

ప్యూర్టోరికోకు వెళ్లే యాత్రికుల్లో చాలామంది టీబెస్ పేరు వినకుండానే తిరిగొస్తారు. వాళ్ల తప్పేం లేదు. క్రూయిజ్ ఓడ ఆగేది సరిగ్గా పాత శాన్ హువాన్ నగరం అంచునే. ఓడ దిగి రోడ్డు దాటితే చాలు, రంగు రంగుల ఇళ్లు, కోటగోడలు, ఐస్‌క్రీమ్ షాపులు. సాయంత్రానికి ఓడ కదులుతుంది. టీబెస్‌కు పోవాలంటే దీవిని ఈ చివర నుంచి ఆ చివరకు దాటాలి. కొండల్లో ఉన్న తైనోల ఉత్సవస్థలం కగ్వానాకు పోవాలంటే మెలికల రోడ్డు ఎక్కాలి. దూరం ఒక్కటే కారణం అనుకుంటే మాత్రం పొరపాటు. ఎవరు దేనితో కట్టారు, ఎక్కడ కట్టారు, ఆ తర్వాతి వాళ్లు దేన్ని కాపాడుకోవాలనుకున్నారు అన్నదాన్ని బట్టే ఇవాళ ఒకటి కళ్లకు కొట్టొచ్చినట్టు ఉంది, ఇంకోటి వెతుక్కుంటే తప్ప దొరకడం లేదు.

సముద్రం వైపు చూసే నగరం

పేరు దగ్గరే తికమక మొదలవుతుంది. తైనోలు ఈ దీవిని బొరికెన్ అనేవాళ్లు. 1493 నవంబరు 19న రెండో యాత్రలో వచ్చిన కొలంబస్ దీనికి శాన్ హువాన్ బవుతిస్తా అని క్రైస్తవ పేరు పెట్టాడు. 1508లో హువాన్ పోన్సే దె లెయోన్ వచ్చి కపర్రా అనే చోట తొలి స్పానిష్ ఊరు కట్టాడు. లోపలికి ఉండటం, చిత్తడి నేల కావడంతో అది అచ్చిరాలేదు. 1521 నాటికి జనం అంతా రేవు ముఖద్వారం దగ్గరున్న చిన్న దీవికి మారిపోయారు. ఆ కొత్త ఊరిని 'ప్యూర్టోరికో' అన్నారు, అంటే సంపన్నమైన రేవు. కాలక్రమంలో ఊరి పేరు దీవికి, దీవి పేరు ఊరికి మారిపోయాయి. పాత పేరు మాత్రం చావలేదు. ఇప్పటికీ అక్కడివాళ్లు తమను 'బొరిక్వా' అని చెప్పుకుంటారు.

రేవు ముఖద్వారం ఇరుకు. దాని మీద ఎత్తయిన రాతి కొన. ఫిరంగి పెట్టడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. 1539లో అక్కడ కట్టడం మొదలైన కోటే ఎల్ మోరో. మొదట ఒక బురుజు, తర్వాత దాని చుట్టూ ఇంకోటి, పైన ఇంకోటి. అలా రెండు వందల ఏళ్లకు పైగా పెరుగుతూ పోయి ఆరు అంతస్తులైంది, సముద్రం మీద దాదాపు 140 అడుగుల ఎత్తుకు లేచింది. 1595లో ఇంగ్లండు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ వచ్చి దెబ్బ తిని వెళ్లాడు. 1598లో ఇంగ్లండు ప్రభువు కంబర్లాండ్ ఎర్ల్ తెలివిగా సముద్రం వైపు కాకుండా తూర్పున నేల వైపు నుంచి వచ్చి కోటను పట్టుకున్నాడు కానీ నిలబెట్టుకోలేకపోయాడు. సైనికులకు రక్తవిరేచనాలు పట్టుకుని కొన్ని వారాలకే ఓడ ఎక్కాల్సి వచ్చింది. 1625లో డచ్చివాళ్లు నగరాన్ని తగలబెట్టారు, కోట మాత్రం లొంగలేదు.

ఈ దెబ్బల్లోంచే నగరం ఆకారం పుట్టింది. 1630ల నుంచి ఊరి చుట్టూ గోడ లేచింది. నేల వైపు కాపలాకు శాన్ క్రిస్టోబల్ కోట వచ్చింది. 1765 తర్వాత దాన్ని ఇప్పటి రూపానికి తెచ్చినవాళ్లు అలెహాంద్రో ఓరైలీ, తోమాస్ ఓడేలీ. పేర్లు వింటేనే తెలుస్తుంది, ఇద్దరూ స్పెయిన్ కొలువులో ఉన్న ఐరిష్ వాళ్లు. సుమారు 27 ఎకరాల మేర పరుచుకున్న ఈ కోట అమెరికా ఖండాల్లో స్పెయిన్ కట్టినవాటిలో అతి పెద్దది. దాని ఏర్పాటు చక్రవ్యూహం లాంటిది. శత్రువు బయటి అడ్డుగోడను పట్టుకున్నా, లోపలి గోడ మీది ఫిరంగులకు ఎదురుగా నిలబడతాడు తప్ప అతనికి చాటు దొరకదు. 1797లో వేల మందితో వచ్చిన బ్రిటిష్ సేనాని అబెర్‌క్రాంబీ నగరంలోకి అడుగుపెట్టలేక వెనుదిరిగాడు.

ఇంత రాయి, ఇంత కూలి ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్న కోట చూసేవాళ్లు అడగాల్సిందే. ప్యూర్టోరికోలో బంగారం తొలి కొన్ని దశాబ్దాల్లోనే అయిపోయింది. కోట ఖర్చు భరించింది మెక్సికో గనుల వెండి. 'సిత్వాదో' అనే పేరుతో ఏటేటా అక్కడి ఖజానా నుంచి రావాల్సిన సొమ్ము అది. ఓడ ఆలస్యమైతే ఇక్కడ జీతాలు ఆగిపోయేవి. రాళ్లు మోసి గోడ కట్టినవాళ్లలో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు, శిక్ష పడిన ఖైదీలు, కూలివాళ్లు ఉన్నారు. అంటే శాన్ హువాన్ గోడ శాన్ హువాన్‌ది కాదు, స్పెయిన్ సామ్రాజ్యం మొత్తానిది. దాని పని ఈ దీవిని కాపాడటం కంటే వెండి ఓడలు తిరిగే సముద్రాన్ని కాపాడటం.

ఎల్ మోరోలో దగ్గరగా చూడాల్సినవి మూడు. ఒకటి, లోపల ఇరుక్కుపోయి ఉన్న 1539 నాటి తొలి బురుజు. తర్వాతి కోట దాన్ని మింగేసింది. స్పెయిన్‌తో యుద్ధంలో భాగంగా 1898 మే 12న అమెరికా నౌకలు నగరం మీద గుండ్లు కురిపించినప్పుడు వచ్చి దిగబడ్డ ఒక గుండు ముక్క ఇప్పటికీ గోడలోనే ఉంది. రెండు, పైన ఎగిరే మూడు జెండాలు: అమెరికాది, ప్యూర్టోరికోది, పాత స్పానిష్ సైన్యం వాడిన ఎర్రటి మోటు శిలువ జెండా. మూడు, కోట ముందు గాలిపటాలు ఎగరేసే పచ్చిక మైదానం. ఫిరంగి గురికి అడ్డు లేకుండా ఖాళీగా ఉంచిన నేల అది. 1898 తర్వాత అమెరికా సైన్యం అక్కడ గోల్ఫ్ ఆడుకుంది. 1961లో సైన్యం ఖాళీ చేసింది, 1983లో యునెస్కో ఈ కోటలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఊళ్లో వీధులు తిరగడానికి గంటలు కాదు, ఓపిక కావాలి. నేల మీద పరిచిన నీలి రాళ్లు అసలు రాళ్లు కావు. ఇనప కొలిమి చిట్టెంతో పోతపోసిన ఇటుకలు, 19వ శతాబ్దంలో ఐరోపా నుంచి వచ్చినవి. వాన పడగానే వాటి రంగు తేలుతుంది, కాలు కూడా జారుతుంది. ఓడలు తేలికపడి బోల్తా కొట్టకుండా అడుగున వేసుకొచ్చినవి అని గైడ్లు చెబుతుంటారు. 1532లో డొమినికన్ సన్యాసులు మొదలుపెట్టిన శాన్ హోసే చర్చి చాలా ఏళ్లు మూతబడి, మరమ్మతుల తర్వాత 2021లో తెరుచుకుంది. గవర్నరు ఉండే లా ఫోర్తలేసా 1530ల్లో కట్టడం మొదలైన భవనం, ఇప్పటికీ గవర్నరు అక్కడే ఉంటారు. 2019 జులైలో రోజుల తరబడి వేలాది జనం ఆ వీధి చివర నిలబడి గవర్నర్ రికార్డో రొసెయోతో రాజీనామా చేయించారు. అద్దాల పెట్టెలో పెట్టిన పాతబస్తీ కాదు ఇది, ఇంకా గొడవపడుతున్న ఊరు.

ఒకే మనిషి, రెండు పనులు

ఈ పాతబస్తీ ఇంత ముచ్చటగా ఉండటం వెనక ఒక మనిషి, ఒక ఆఫీసు ఉన్నాయి. 1898లో స్పెయిన్ నుంచి అమెరికా చేతికి వచ్చిన ఈ దీవికి 1917లో అమెరికా పౌరసత్వం, 1952లో సొంత రాజ్యాంగం వచ్చాయి. ఫ్యాక్టరీలు పెరుగుతున్నాయి, జనం న్యూయార్క్ విమానం ఎక్కుతున్నారు, శాన్ హువాన్‌లో పాత మేడలు శిథిలమై కూలగొట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆ సమయంలో 1955లో ప్యూర్టోరికో సంస్కృతి సంస్థ ఏర్పడింది. దాని తొలి డైరెక్టరు రికార్డో అలెగ్రియా. వృత్తిరీత్యా పురావస్తు శాస్త్రవేత్త. ఇళ్ల యజమానులకు పన్ను రాయితీలు ఇప్పించి, పాత పద్ధతిలోనే బాగు చేయాలని పట్టుబట్టి, ఆయన పాతబస్తీని నిలబెట్టాడు.

అదే అలెగ్రియా అంతకుముందు 1949 ప్రాంతంలోనే కగ్వానాలో తవ్వకాలు జరిపాడు. ఆ నేలను ఆయన సంస్థ కొని, 1965లో ప్రజలకు తెరిచింది. అంటే కోటల నగరాన్నీ తైనోల ఉత్సవస్థలాన్నీ జనం ముందు పెట్టింది ఒకే చెయ్యి. ఆ సంస్థ ముద్రలో ముగ్గురు మనుషులు ఉంటారు: ఒక తైనో, ఒక స్పానిష్ పండితుడు, కొడవలి లాంటి కత్తి పట్టిన ఒక ఆఫ్రికన్. ప్యూర్టోరికో అంటే ఈ మూడు వేళ్ల చెట్టు అని ఆ ముద్ర చెబుతుంది.

చెప్పడానికి బాగుంది. డబ్బు లెక్క చూస్తే మాత్రం మూడు వేళ్లకూ ఒకేలా నీళ్లు పోశారని అనలేం. అమెరికా నీడలో ఉన్న దీవికి 'మేం వేరు' అని చెప్పుకోవడానికి స్పానిష్ మేడలు బాగా పనికొచ్చాయి. ఓడల్లో వచ్చే యాత్రికులకూ అవే నచ్చాయి. తైనోలను గౌరవించడంలో ఎవరికీ ఇబ్బంది రాలేదు, ఎందుకంటే వాళ్లు ఎప్పుడో అంతరించిపోయారని బడి పుస్తకాలు చెప్పాయి. వాటా అడిగేవాడు లేని పూర్వీకుడికి దండ వేయడం సులువు. ఆఫ్రికన్ వేరు సంగతి అందరికంటే వెనకబడింది. లోయీసా లాంటి నల్లజాతి ఊళ్ల సంస్కృతికి దక్కాల్సిన చోటు దక్కడానికి చాలా ఆలస్యమైంది.

కగ్వానా: రాతి మీద కప్పకాళ్ల తల్లి

ఉటువాడో ఊరు దాటి పడమటగా కొండల్లోకి వెళితే, తనమా నది ఒడ్డున కగ్వానా ఉంది. 1914-15లో న్యూయార్క్ సైన్స్ అకాడమీ తరఫున ఫ్రాంజ్ బోయాస్ ఆధ్వర్యంలో జరిగిన సర్వేలో భాగంగా జాన్ ఆల్డెన్ మేసన్ ఇక్కడ తొలి తవ్వకాలు చేశాడు. క్రీ.శ. 1200 ప్రాంతం నుంచి స్పానిష్ వాళ్లు వచ్చేదాకా ఇక్కడ జనం కూడేవారని అంచనా.

మొదటిసారి చూసినవాళ్లకు కాస్త నిరుత్సాహం కలగొచ్చు. ఎత్తయిన గోపురాలు లేవు, మెట్ల పిరమిడ్లు లేవు. చదును చేసిన పచ్చిక నేలలు, వాటి అంచుల వెంట నిలబెట్టిన పలకరాళ్లు, చుట్టూ చెట్లు, వెనక త్రికోణంగా ఒక కొండ. అంతే. ఆ కొండ ఆకారం గుర్తుంచుకోవాలి. తైనోలు పూజించిన 'సెమీ' అనే మూడు కొనల రాతి బొమ్మ ఆకారం అదే. మ్యూజియం అద్దాల వెనక చిన్న సెమీ బొమ్మ చూసి బయటికొచ్చి తలెత్తితే, అదే బొమ్మ కొండంత కనిపిస్తుంది. చోటును ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు కానీ, ఆ కొండను చూశాక పెద్దగా అనుమానం మిగలదు.

ఈ ఆటస్థలాలను 'బతే' అంటారు. ఆటనూ అదే మాటతో పిలిచేవాళ్లు. రెండు జట్లు, ఒక రబ్బరు బంతి. చేతులు తగలకూడదు. తుంటి, భుజం, మోకాలితో కొట్టి బంతి నేల మీద ఆగకుండా చూడాలి. నేలకు కొడితే పైకి ఎగిరే బంతిని స్పానిష్ వాళ్లు అప్పటిదాకా చూడలేదు. ఆ బంతి ఎగరడం గురించి వాళ్ల చరిత్రకారులు ఆశ్చర్యపోతూ రాశారు. ఆట అంటే కాలక్షేపం మాత్రమే కాదు. పెద్ద నిర్ణయాలు, ఊళ్ల మధ్య తగాదాలు కూడా దీనితో ముడిపడి ఉండేవి. ఇదే ప్రాంగణంలో 'అరేతో' జరిగేది. డోలు, గిలక్కాయల మధ్య గుంపుగా ఆడుతూ పాడుతూ పూర్వీకుల కథ చెప్పుకోవడం. లిపి లేని జనానికి చరిత్ర పుస్తకం అదే.

పెద్ద ప్రాంగణం పడమటి అంచున ఉన్న రాళ్ల దగ్గర మాత్రం నిదానించాలి. వాటి మీద చెక్కిన బొమ్మల్లో అందరికీ తెలిసింది 'కగ్వానా స్త్రీ'. తల మీద అలంకారం, చెవులకు పెద్ద గుండ్రటి కమ్మలు, సన్నటి మొండెం, మడిచి బయటికి చాచిన కప్పకాళ్లు. ప్రసవానికి కూర్చున్నట్టు ఉండే ఆ భంగిమ వల్ల ఆమెను నీళ్లకూ సంతానానికీ తల్లి అయిన అతబే అని చాలామంది అంటారు. కప్పకూ వానకూ ఉన్న చుట్టరికం మనకు కొత్తేం కాదు. వానల కోసం కప్పలకు పెళ్లి చేసే ఊళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. దీవిలో ఎక్కడ చూసినా టీషర్టుల మీద, కప్పుల మీద, పచ్చబొట్లలో ఈమే కనిపిస్తుంది. రాతి మీద చూస్తే గీత లోతు తక్కువ, నాచు పట్టి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో అయితే గీత సరిగా కనబడదు కూడా. పొద్దున్నే ఏటవాలు ఎండలో నీడ పడినప్పుడే బొమ్మ లేస్తుంది. ఓడ టైముకు పరిగెత్తేవాళ్లకు దొరికే దృశ్యం కాదది.

తైనోల ఇళ్లు కర్ర, తాటి జాతి ఆకులతో కట్టినవి. గాలివానకు ఎగిరిపోయినా నాలుగు రోజుల్లో మళ్లీ కట్టుకోవచ్చు. గాలివానలు వచ్చే దీవిలో అది తెలివితక్కువతనం కాదు, తెలివే. కానీ ఐదు వందల ఏళ్ల తర్వాత వచ్చి కెమెరా పట్టుకునేవాడికి ఏమీ మిగలదు. మిగిలింది వాళ్లు కలిసి ఆడిన నేల మాత్రమే.

తిండిలో, మాటలో, రక్తంలో

తైనోల ముఖ్యమైన తిండి కర్రపెండలం. చేదు రకంలో విషం ఉంటుంది. దాన్ని తురిమి, గొట్టం లాంటి అల్లిక సంచిలో వేసి రసం పిండేసి, ఆ పొడిని 'బురెన్' అనే మట్టి పెనం మీద అట్టులా కాల్చేవాళ్లు. ఆ రొట్టె నెలల తరబడి పాడవదు. వాళ్ల పెద్ద దేవుడు యూకాహు పేరులోనే ఆ దుంప పేరు 'యూకా' ఉంది. తూర్పుగోదావరి మెట్ట ఊళ్లలో పండే కర్రపెండలం, అక్కడి మిల్లుల్లో తయారయ్యే సగ్గుబియ్యం ఈ మొక్కవే. అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చింది. మన 'బొప్పాయి' మాట కూడా కరీబియన్ తీరాల్లో పుట్టిన 'పపాయా' నుంచి పోర్చుగీసు వాళ్ల నోట మారి వచ్చిందే. కొలంబస్ వెతుక్కుంటూ వెళ్లింది మన వైపుకు. దారి తప్పి వాళ్ల దగ్గరకు చేరి వాళ్లకు 'ఇండియన్లు' అని పేరు పెట్టాడు. తర్వాత వాళ్ల పంట, వాళ్ల మాట మన దాకా వచ్చాయి.

మరి మనుషులు? బంగారు గనుల్లో వెట్టిచాకిరి, 1511లో తైనో పెద్ద అగ్వేబనా నాయకత్వంలో జరిగిన తిరుగుబాటును అణచడం, 1518-19 నాటి మశూచి, అన్నీ కలిసి తైనో సమాజాన్ని కూల్చేశాయి. ఇందులో వివాదం లేదు. వివాదం ఆ తర్వాతి వాక్యం మీద: 'వాళ్లు పూర్తిగా అంతరించారు.' 1787 జనాభా లెక్కల్లో కూడా రెండు వేల పైచిలుకు మంది 'ఇండియన్లు'గా నమోదయ్యారు. 19వ శతాబ్దం మొదలయ్యేసరికి ఆ గడినే తీసేసి, వాళ్లను మిగతా రంగు జనంతో కలిపేశారు. గడి పోయింది కాబట్టి లెక్కలో మనుషులు పోయారు. కులగణనల మీద ఇక్కడ నడిచే వాదనలు తెలిసినవాళ్లకు ఈ మాయ వివరించక్కర్లేదు.

ఈ శతాబ్దం మొదట్లో మయాగ్వెస్ విశ్వవిద్యాలయంలో హువాన్ కార్లోస్ మార్తీనెస్ క్రుసాదో చేసిన జన్యు పరిశోధన తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే డీఎన్ఏను చూసింది. ప్యూర్టోరికో వాసుల్లో దాదాపు 61 శాతం మందికి ఆ వంశం స్థానిక ఆదివాసీ స్త్రీల నుంచి వచ్చిందే అని తేలింది. దీన్ని జాగ్రత్తగా చదవాలి. తల్లి వైపు ఒక్క గీతను మాత్రమే చూపించే పరీక్ష ఇది. మొత్తం జన్యువుల్లో ఆదివాసీ వాటా సగటున అంతకంటే చాలా తక్కువ, 10 నుంచి 15 శాతం దాకా. స్పానిష్ మగవాళ్లు, తైనో ఆడవాళ్లు అన్న పాత వలస కథ ఈ తేడాలో ఉంది. అది ప్రేమకథ అని ఎవరూ అనుకోనక్కర్లేదు.

2005లో తైనో వారసులమని చెప్పుకునే కొందరు కగ్వానాలోకి వెళ్లి బైఠాయించారు. ఇది మ్యూజియం కాదు, మా పవిత్రస్థలం, తవ్వి తీసిన మా పెద్దల ఎముకలను మళ్లీ నేలకు అప్పగించండి అన్నది వాళ్ల డిమాండ్లలో ఒకటి. చివరకు అరెస్టులు జరిగాయి. అమెరికా చట్టం ప్రకారం పూర్వీకుల అస్థికలు తిరిగి అడిగే హక్కు ఫెడరల్ ప్రభుత్వం గుర్తించిన తెగలకు ఉంది. తైనో తెగ ఏదీ ఆ జాబితాలో లేదు. లేరని ముందే రాసేశాక, ఉన్నామని నిరూపించుకునే బరువు వాళ్ల మీదే పడింది. ఎంట్రీ టికెట్ కొని లోపలికి వెళ్లేవాడు ఇది తెలుసుకుని వెళితే, ఆ పచ్చిక మీద నడక కాస్త వేరుగా ఉంటుంది.

హయూయా, పోన్సే

కగ్వానా నుంచి ఇంకా కొండల లోపలికి పోతే హయూయా. ఏటి మధ్యలో ఒక పెద్ద బండ, దాని మీద 52 చెక్కడాలు. 'రాసిన రాయి' అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు: పియెద్రా ఎస్క్రీతా. పిల్లలు దాని కింద మడుగులో ఈదుతుంటారు, పైన దేవుళ్ల ముఖాలు చూస్తుంటాయి. కంచె కట్టి, బోర్డు పెట్టిన వారసత్వం కంటే ఇది ఎందుకో సహజంగా అనిపిస్తుంది. ఈ కొండ ఊళ్లకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1950 అక్టోబరు 30న స్వాతంత్ర్యం కోరుతూ జాతీయవాదులు ఇక్కడ తిరగబడినప్పుడు హయూయా మీద, ఉటువాడో మీద విమానాలతో బాంబులు వేశారు.

పోన్సే శాన్ హువాన్‌లా గోడల మధ్య పుట్టిన ఊరు కాదు. చెరకు, కాఫీ, రమ్ము డబ్బుతో 19వ శతాబ్దంలో సోకు చేసుకున్న ఊరు. చౌకు మధ్యలో ఎరుపు నలుపు చారల చెక్క భవనం 1882 ఎగ్జిబిషన్ కోసం కట్టింది, తర్వాత చాలా కాలం ఫైర్ స్టేషన్. ఫొటోలన్నీ దానికే. దానికి కొద్ది దూరంలో ఒక మామూలు ఇల్లు ఉంది. 1937 మార్చి 21న, మట్టల ఆదివారం నాడు, జాతీయవాదుల ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటది. ఇద్దరు పోలీసులతో కలిపి 19 మంది చనిపోయారు. ఇప్పుడది మ్యూజియం. 2020 జనవరి 7న వచ్చిన 6.4 తీవ్రత భూకంపం పోన్సే పాత భవనాలను గట్టిగా కుదిపింది. కొన్నింటి మరమ్మతు ఏళ్ల తరబడి సాగింది కాబట్టి ఏది తెరిచి ఉందో ముందే కనుక్కుని వెళ్లడం మేలు. నైరుతి మూలన శాన్ హెర్మాన్ అనే చిన్న పాత ఊరు ఉంది, మెట్లెక్కి చేరే చిన్న చర్చి కోసం ఒక పూట ఇవ్వొచ్చు. రోజులు తక్కువైతే వదిలేసినా పెద్ద నష్టం లేదు.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు ఈ ప్రయాణంలో వీసా టెన్షన్ ఉండదు. ప్యూర్టోరికో అమెరికా భూభాగమే కాబట్టి అక్కడి నగరాల నుంచి శాన్ హువాన్ విమానం డొమెస్టిక్ లెక్కలోకే వస్తుంది, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు కొత్త స్టాంపింగ్ కోసం తిరగక్కర్లేదు. అయినా పాస్‌పోర్టు, కాగితాలు దగ్గర ఉంచుకోవడం మంచిది. తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో లగేజీని వ్యవసాయ శాఖ తనిఖీ చేస్తుంది, పళ్లూ మొక్కలూ అన్నీ తేనివ్వరు. ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లకు అమెరికా వీసా తప్పనిసరి. కొండ ఊళ్లకు బస్సుల మీద ఆధారపడితే పని జరగదు, కారు అద్దెకు తీసుకోవాల్సిందే. రోడ్డు మీద దూరాలు కిలోమీటర్లలో, స్పీడు లిమిట్ మైళ్లలో రాసి ఉంటాయి. పెట్రోలు లీటర్లలో పోస్తారు. రెండు సామ్రాజ్యాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయని ఇంతకంటే బాగా చెప్పే బోర్డు ఉండదు.

వీలుంటే వరస తిరగేయాలి. ముందు టీబెస్, కగ్వానా, హయూయా చూసి ఆఖరున శాన్ హువాన్‌కు రావాలి. ముందు కోట చూసినవాడికి కగ్వానా ఖాళీ స్థలంలా అనిపిస్తుంది. ముందు కగ్వానా చూసినవాడు మాత్రం కోట పైన నిలబడి, ఫిరంగులు సముద్రం వైపుకూ, నేల వైపుకూ గురిపెట్టి ఎందుకున్నాయో, దూరాన ఉన్న కొండల్లో అప్పటికి ఎవరు బతుకుతున్నారో ఆలోచిస్తాడు.

టీబెస్‌కు వెళ్లినప్పుడు పక్కనే పారే పోర్టుగేస్ ఏటిని కూడా ఒకసారి చూడాలి. వరదలతో పోన్సేను ముంచే ఈ ఏటికి అడ్డంగా అమెరికా సైన్యపు ఇంజినీర్లు ఆనకట్ట తలపెట్టారు. ఆ పనుల్లో భాగంగా 2007లో తవ్వితే ఇంకో ఉత్సవస్థలం బయటపడింది. దాని పేరు హాకనా. రాళ్లు కట్టిన పెద్ద ప్రాంగణం, చెక్కడాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, కగ్వానాలో లాగే కప్పకాళ్లు చాచిన బొమ్మ కూడా. కింద సమాధులు ఉన్నాయి. దొరికిన వస్తువులను, ఎముకలను పెట్టెల్లో పెట్టి పరీక్షల కోసం జార్జియా రాష్ట్రానికి పంపారు. మా పెద్దలను మమ్మల్ని అడగకుండా సముద్రం దాటించారని దీవిలో గొడవ జరిగింది. ఆనకట్ట పూర్తయింది. హాకనాను పాడవకుండా ఉంచడానికి మళ్లీ మట్టి కప్పి పూడ్చేశారు.